అసిమెట్రిక్ ఎక్స్‌ఆర్‌డీ: హైదరాబాద్ బస్సెక్కే ముందే చేసుకోవాల్సిన లెక్క

నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనో, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీలోనో, ఆ చుట్టుపక్కల డిగ్రీ, పీజీ కాలేజీల్లోనో చదువుతూ ప్రాజెక్టు కోసం సన్నటి పొరల మీద పనిచేస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మామూలు ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాల వివర్తనం) మీకు కొత్త కాదు. సాంపిల్ ఇచ్చి తీటా–టూ తీటా స్కాన్ తీయించుకోవడం, పీకులకు నంబర్లు వేయడం, గ్రాఫ్ రిపోర్టులో అతికించడం అందరూ చేసేదే. అయితే సిలికాన్ వేఫర్ (స్ఫటికం నుంచి కోసిన పల్చటి బిళ్ల) మీద ఒక పొర పెంచారనుకోండి. ఆ పొర కింది స్ఫటికం కొలతకు లొంగి సాగిందా, లేక తన సొంత కొలతకు తిరిగొచ్చేసిందా అని గైడ్ అడిగితే ఆ స్కాన్ సగం జవాబే చెబుతుంది. నిలువు కొలత అందులో ఉంటుంది, అడ్డం కొలత ఉండదు. అడ్డం కొలత కావాలంటే అసిమెట్రిక్ వివర్తనం, అంటే పైభాగానికి వాలుగా ఉన్న అణు తలాల నుంచి వివర్తనం, చేయాల్సిందే.

దీనికి హై రిజల్యూషన్ మిషన్ కావాలి. మన వైపు నుంచి చాలామందికి అది హైదరాబాద్‌లో ఎవరో దయతలచి ఇచ్చే స్లాటే. నార్కట్‌పల్లి మీదుగానో, జడ్చర్ల మీదుగానో పొద్దున్నే బయల్దేరి వెళ్తే, ఇచ్చిన రెండు మూడు గంటలు కోణాలు వెతుక్కోవడానికే అయిపోతాయి. పీక్ దొరక్క టెన్షన్ పడేవాళ్లను చూస్తే, నూటికి తొంభై మందికి సమస్య మిషన్‌లో ఉండదు, చేతిలో కాగితం లేకపోవడంలో ఉంటుంది. ఈ పనిలో ముప్పావు వంతు సైంటిఫిక్ కాల్క్యులేటర్‌తో ఇంటి దగ్గరే అయిపోతుంది.

ముందు బొమ్మ గీయండి

1912లో మాక్స్ ఫాన్ లావే బృందం స్ఫటికంలో ఎక్స్-కిరణాలు వివర్తనం చెందుతాయని చూపించింది. ఆ వెంటనే లారెన్స్ బ్రాగ్ దాన్ని ఒక చిన్న సమీకరణంలోకి దించాడు: 2 × డీ × సైన్ తీటా = లామ్డా. ఇందులో డీ అంటే అణు తలాల మధ్య దూరం, లామ్డా అంటే తరంగదైర్ఘ్యం. తీటా అంటే కిరణానికీ ఆ తలాలకూ మధ్య కోణం. ఇక్కడే ఒక్క క్షణం ఆగండి. ఈ సూత్రంలో సాంపిల్ పైభాగం ఊసే లేదు. పైభాగం అనేది మనం రంపంతో ఎక్కడ కోశామో అక్కడ వచ్చింది. లోపలి తలాలకు దానితో పనిలేదు.

తలాలు పైభాగానికి సమాంతరంగా ఉంటే కిరణం ఎంత కోణంలో దిగుతుందో అంతే కోణంలో లేస్తుంది. ఇది సిమెట్రిక్. తలాలు పైభాగంతో ఆల్ఫా అనే కోణం చేస్తూ వాలి ఉంటే రెండు దారులున్నాయి. ఒక దారిలో కిరణం తీటా − ఆల్ఫా కోణంలో, దాదాపు పైభాగాన్ని రాసుకుంటూ దిగి, తీటా + ఆల్ఫా కోణంలో నిటారుగా లేస్తుంది. దీన్ని ల్యాబ్‌లో గ్రేజింగ్ ఇన్సిడెన్స్ అంటారు. రెండోది దీనికి తలకిందులు: నిటారుగా దిగి, రాసుకుంటూ బయటికి పోతుంది. అది గ్రేజింగ్ ఎగ్జిట్. రెండింటిలోనూ డిటెక్టర్ ఉండే టూ తీటా మాత్రం ఒకటే.

గ్రాఫ్ కాగితం మీద ఒక అడ్డగీత పైభాగంగా గీసి, దానికి వాలుగా నాలుగు సమాంతర గీతలు తలాలుగా గీయండి. వచ్చే కిరణం, పోయే కిరణం రెండు రంగుల్లో వేయండి. ప్రొట్రాక్టర్‌తో కోణాలు సరిచూడండి. చిన్నపిల్లల పనిలా అనిపిస్తుంది కానీ మిషన్ దగ్గర ఒమేగా (కిరణం పైభాగం మీదికి దిగే కోణం) కోసం ఆల్ఫాను కూడాలా తీసేయాలా అన్న అయోమయం వచ్చినప్పుడు ఈ బొమ్మే ఆదుకుంటుంది.

ఏ రిఫ్లెక్షన్ వాడాలో ఎంచుకోండి

ఎక్కువమంది చేతిలో ఉండేది (001) సిలికాన్ వేఫర్ కాబట్టి దాంతోనే చేద్దాం. బ్రాకెట్లలోని అంకెలు తలాలను గుర్తించే మిల్లర్ సూచికలు; (001) వేఫర్ అంటే ఆ తలాలు పైభాగానికి సమాంతరంగా ఉన్నది. సిలికాన్ లాటిస్ కొలత 5.4310 ఆంగ్‌స్ట్రామ్‌లు. రాగి ట్యూబు కే-ఆల్ఫా-1 తరంగదైర్ఘ్యం 1.5406 ఆంగ్‌స్ట్రామ్‌లు.

(113) తీసుకోండి. డీ విలువ 5.4310 ÷ √11, అంటే 1.6375. సైన్ తీటా = 1.5406 ÷ 3.2750 = 0.4704. తీటా 28.06 డిగ్రీలు, టూ తీటా 56.12. ఇప్పుడు ఆల్ఫా కావాలి. క్యూబిక్ స్ఫటికంలో రెండు తలాల మధ్య కోణం వాటి సూచికల డాట్ ప్రాడక్ట్ నుంచి వస్తుంది. (113)కూ (001)కూ మధ్య కొసైన్ విలువ 3 ÷ √11, కోణం 25.24 డిగ్రీలు. కాబట్టి గ్రేజింగ్ ఇన్సిడెన్స్‌లో ఒమేగా 28.06 − 25.24 = 2.82 డిగ్రీలు. గ్రేజింగ్ ఎగ్జిట్‌లో 53.30.

ఇదే పద్ధతిలో (224)కు తీటా 44.01, ఆల్ఫా 35.26 వస్తాయి. ఒమేగా 8.75 లేదా 79.28. (115)కు తీటా 47.47, ఆల్ఫా 15.79. ఒమేగా 31.68 లేదా 63.27. ఈ మూడూ మీరు సొంతంగా వేసి చూడండి. నా అంకెలతో కలిస్తే మీ కాల్క్యులేటర్ డిగ్రీ మోడ్‌లో ఉన్నట్టు కూడా రుజువవుతుంది. అది రేడియన్‌లో ఉండిపోవడం ఎంత మామూలో చెప్పనక్కర్లేదు.

అన్నీ కుదరవు. తీటా కన్నా ఆల్ఫా ఎక్కువైతే కిరణం సాంపిల్ లోపలి నుంచి రావాల్సి ఉంటుంది. అది అయ్యే పని కాదు. (111) చూడండి: తీటా 14.22, ఆల్ఫా 54.74. (001) వేఫర్ మీద దీన్ని ఈ పద్ధతిలో ఎంత వెతికినా దొరకదు. "అన్నింటికన్నా గట్టి పీక్ (111) కదా సార్, అదెందుకు రావట్లేదు" అని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

మూడింట్లో నా ఓటు ఎప్పుడూ (224)కే. 8.75 డిగ్రీలంటే మరీ రాసుకుంటూ పోదు, సాంపిల్ చిన్నదైనా సరిపోతుంది. వాలు 35 డిగ్రీలు కాబట్టి అడ్డం కొలత బాగా తెలుస్తుంది. (115)లో వాలు తక్కువ, అడ్డం కొలత దానికి అంతగా పట్టదు. పొర మరీ సన్నగా ఉండి, కింది వేఫర్ నుంచి వచ్చే సిగ్నల్ తగ్గించాలనుకుంటే (113) తీసుకోండి. ఇక్కడ (113)తోనే లెక్కలు చూపిస్తున్నాను. ఇందులో అసిమెట్రీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి నేర్చుకోవడానికి బాగుంటుంది.

అసిమెట్రీ గుణకం

ఈ వ్యవహారం మొత్తం ఒక్క సంఖ్యలో ఉంది. దాన్ని బీ అంటారు: సైన్ (తీటా − ఆల్ఫా) ÷ సైన్ (తీటా + ఆల్ఫా). మన (113) గ్రేజింగ్ ఇన్సిడెన్స్‌కు 0.0492 ÷ 0.8018, అంటే 0.0614. దాదాపు పదహారో వంతు. డైనమికల్ సిద్ధాంతం రాసేవాళ్లు దీనికి మైనస్ గుర్తు పెడతారు. కొందరు పైదాన్ని కిందికి, కిందిదాన్ని పైకి తిప్పి రాస్తారు. మీరు ఏ నిర్వచనం వాడారో రిపోర్టులో ఒక వాక్యం రాసేయండి, వైవాలో గొడవ ఉండదు.

బీ విలువ తెలిస్తే మూడు విషయాలు వాటంతటవే వస్తాయి.

మొదటిది వెడల్పు. 1 మిల్లీమీటరు వెడల్పున్న కిరణం 2.82 డిగ్రీల్లో పడితే, పొద్దువాలినప్పుడు కరెంటు స్తంభం నీడ సాగినట్టు, సాంపిల్ మీద 20 మిల్లీమీటర్ల పొడవున పరుచుకుంటుంది (1 ÷ 0.0492). అది 53.30 డిగ్రీల్లో పైకి లేస్తే 20.3 × 0.8018, అంటే 16.3 మిల్లీమీటర్ల వెడల్పు కిరణమవుతుంది. సన్నగా పోయింది పదహారు రెట్లు లావై వచ్చింది.

రెండోది కోణం. పరిపూర్ణ స్ఫటికం కూడా ఒకే ఒక్క కోణంలో కాకుండా చాలా చిన్న కోణ వ్యాప్తిలో కిరణాన్ని తిప్పుతుంది. దీన్ని 1914లో భౌతికశాస్త్రవేత్త సి.జి. డార్విన్ లెక్కగట్టాడు. సిమెట్రిక్ సిలికాన్ (111)కు రాగి కిరణంతో ఇది సుమారు 7 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). అసిమెట్రిక్‌లో ఈ వ్యాప్తి లోపలికి ఒకలా, బయటికి ఒకలా ఉంటుంది. లోపలికి తీసుకునే వ్యాప్తి √బీతో భాగించినంత పెరుగుతుంది. బయటికి పంపేది √బీతో గుణించినంత తగ్గుతుంది. బీ పదహారో వంతైతే నాలుగు రెట్లు విశాలంగా తీసుకుని, నాలుగో వంతుకు ఇరుకుగా పంపుతుంది. ఉదాహరణకు ఒక సిలికాన్ ముక్కను (111) తలాలకు 12.6 డిగ్రీల వాలులో కోస్తే రాగి కిరణానికి బీ పదహారో వంతవుతుంది. అది 28 ఆర్క్ సెకన్ల వ్యాప్తిని అందుకుని 2 సెకన్లలోపు వ్యాప్తితో బయటికి వదులుతుంది.

మూడోది, పై రెండింటినీ కలిపేది. వెడల్పును కోణ వ్యాప్తితో గుణిస్తే లోపలికి వచ్చినదీ బయటికి పోయినదీ ఒకటే. వెడల్పు పదహారు రెట్లయింది, వ్యాప్తి పదహారో వంతయింది (28 నుంచి 1.75). ఎక్కడా ఉచితంగా ఏమీ రాలేదు. కిరణాన్ని సన్నగా పిండితే అది విచ్చుకుంటుంది, విశాలం చేస్తే సమాంతరమవుతుంది. 1937లో ఫాంకుచెన్ దీన్నే తిరగేసి వాడాడు. స్ఫటికాన్ని వాలుగా కోసి, వెడల్పు కిరణాన్ని సన్నగా కుదించే మోనోక్రోమేటర్ (ఒకే తరంగదైర్ఘ్యాన్ని ఏరి పంపే పరికరం) చేశాడు. ఇప్పుడు ఇండోర్‌లోని ఇండస్-2 లాంటి సింక్రోట్రాన్‌ల (చాలా తీవ్రమైన ఎక్స్-కిరణాలిచ్చే యంత్రాల) దగ్గర, ఇమేజింగ్ చేసేచోట, వాలుగా కోసిన స్ఫటికాలతో కిరణాన్ని ఎటు కావాలంటే అటు సాగదీయవచ్చు. వీటి దాకా మీ ప్రాజెక్టు వెళ్లకపోయినా, మీ సాంపిల్ కూడా చేసేది అదే పని. అది తెలియకపోతే డిటెక్టర్ స్లిట్ తప్పుగా పెడతారు.

సాంపిల్, స్లిట్ సిద్ధం చేసుకోండి

మీ సాంపిల్ పొడవు 10 మిల్లీమీటర్లనుకోండి. గ్రేజింగ్ ఇన్సిడెన్స్ (113)కు కిరణం వెడల్పు 10 × 0.0492, అంటే 0.49 మిల్లీమీటర్లు మించకూడదు. మించినదంతా సాంపిల్ దాటి హోల్డర్ మీద పడి బ్యాక్‌గ్రౌండ్ పెంచుతుంది. సగానికి తక్కువ పెట్టుకోవడం మేలు. 0.1 మిల్లీమీటరు స్లిట్ పెడితే సాంపిల్ మీద 2 మిల్లీమీటర్లు పరుచుకుంటుంది, బయటికి 1.6 మిల్లీమీటర్ల కిరణం వస్తుంది. అంటే డిటెక్టర్ ముందు స్లిట్ 2 మిల్లీమీటర్లైనా తెరిచి ఉండాలి. సిమెట్రిక్ స్కాన్ నుంచి నేరుగా ఇక్కడికి వచ్చి, ఇరుకు స్లిట్ అలాగే వదిలేసి, పీక్ బలహీనంగా ఉందని పొర మీద నెపం పెట్టేవాళ్లున్నారు.

సాంపిల్‌ను ఇనుప క్లిప్పులతో నొక్కకండి. గ్రేజింగ్ ఎగ్జిట్‌లో కిరణం 2.82 డిగ్రీల్లో పైభాగాన్ని ఒరుసుకుంటూ పోతుంది. ఒక మిల్లీమీటరు ఎత్తు క్లిప్పు అడ్డొచ్చినా ఆగిపోతుంది. వెనక ఒక మూల చిన్న మైనం చుక్కతో అతికించండి. డబుల్ టేపు వెనకంతా పరిచి నొక్కితే పల్చటి వేఫర్ వంగుతుంది, పీక్ వెడల్పవుతుంది.

వేఫర్‌కు ఒక అంచు నిటారుగా కోసి ఉంటుంది కదా, మామూలు (001) వేఫర్‌లో అది <110> దిశను చెబుతుంది. మీ ముక్కను కోసేటప్పుడు ఆ అంచు ఎటుందో వెనకవైపు మార్కర్‌తో బాణం గీయండి. (113), (224) రెండింటికీ ఆ అంచు కిరణానికి సమాంతరంగానైనా, అడ్డంగానైనా ఉంటే సరిపోతుంది. నాలుగు వైపులా 90 డిగ్రీలకొకటి అలాంటి తలాలే ఉంటాయి కాబట్టి. 45 డిగ్రీలు తిరిగి ఉంటే మాత్రం ఎంత వెతికినా ఏమీ రాదు. ముక్కను పగలగొట్టి పొట్లం కట్టి, ఏ అంచు ఏదో మరిచిపోయి వస్తే సగం స్లాట్ అక్కడే పోతుంది.

ఒక పక్క మాట. పాలమూరు వైపు నుంచి వచ్చే పిల్లలు చేతిలో తెల్లటి పలుగురాయి పట్టుకొచ్చి, ప్రాక్టీసుకు దీన్ని పెట్టొచ్చా అని అడుగుతుంటారు. పౌడర్ చేస్తే నిక్షేపంగా పెట్టొచ్చు, 26.64 దగ్గర క్వార్ట్జ్ పీక్ దర్జాగా వస్తుంది. కానీ బండల మధ్య చారల్లో దొరికే పలుగు చాలావరకు బోలెడన్ని చిన్న స్ఫటికాల ముద్ద. ఏ తలం ఎటు వాలిందో చెప్పడానికి అందులో ఒక్క దిక్కంటూ ఉండదు. ఈ కొలతకు ఏకస్ఫటికమే కావాలి.

మిషన్ దగ్గర వరస

తలుపు ఇంటర్‌లాక్, షట్టర్, ట్యూబు వోల్టేజీ జోలికి మీరు వెళ్లకండి, అది ఆపరేటర్ అన్న పని. మీరు కాగితం ఆయన ముందు పెట్టి వరసగా అడగండి.

ముందు డైరెక్ట్ బీమ్. అటెన్యుయేటర్ (కిరణం తీవ్రత తగ్గించే రేకు) పెట్టి డిటెక్టర్‌ను సున్నా దగ్గర సరిచేయాలి. తర్వాత సాంపిల్‌ను పైకి జరుపుతూ డైరెక్ట్ బీమ్ తీవ్రత సరిగ్గా సగానికి పడే ఎత్తు పట్టాలి. ఒమేగాను కొంచెం అటూ ఇటూ తిప్పి, గరిష్ఠం దగ్గర ఆపి, మళ్లీ సగం చూడాలి. ఇది రెండు మూడుసార్లు చేస్తే నిలబడుతుంది. గ్రేజింగ్ కోణాల్లో ఎత్తు తేడా ఉంటే కిరణం పడే చోటే మారిపోతుంది, ఇక్కడ తొందరపడొద్దు.

తర్వాత సిమెట్రిక్ (004). టూ తీటా 69.13 దగ్గర డిటెక్టర్ ఆపి, ఒమేగాను 34.56 చుట్టూ స్కాన్ చేయండి. పీక్ 34.9 దగ్గర దొరికితే కంగారు లేదు. వేఫర్ కోతలో ఉన్న వాలు, అతికించడంలో వచ్చిన వాలు కలిసి అంత తేడా తెస్తాయి. కై (సాంపిల్‌ను పక్కకు వంచే కోణం) తిప్పి పీక్ గరిష్ఠం చేయండి. ఫైని (సాంపిల్‌ను దాని తలంలోనే గుండ్రంగా తిప్పే కోణాన్ని) 180 డిగ్రీలు తిప్పి మళ్లీ చూడండి. రెండు స్థానాల మధ్య తేడాలో సగమే ఆ దిశలో మీ వాలు. నోట్‌బుక్‌లో రాసుకోండి, ఇది ముందు ముందు అవసరపడుతుంది.

ఇప్పుడు అసలు పని. నేనైతే గ్రేజింగ్ ఎగ్జిట్‌తో మొదలుపెడతాను. ఒమేగా 53.30కి కిరణం సాంపిల్ మీద చిన్నగానే పడుతుంది, తప్పిపోయే భయం తక్కువ. టూ తీటా 56.12 దగ్గర ఉంచి ఒమేగాను ఒక డిగ్రీ అటూ ఇటూ స్కాన్ చేయండి. దొరక్కపోతే ఫైని నెమ్మదిగా తిప్పండి. తలం 25 డిగ్రీలు వాలి ఉంది కాబట్టి ఫైలో ఒక డిగ్రీ తప్పితే అది 0.43 డిగ్రీలు పక్కకు ఒరిగినట్టే. హై రిజల్యూషన్ మిషన్‌కు అది చాలా ఎక్కువ. ఒకసారి సిగ్నల్ కనిపించాక ఫై, ఒమేగా, కై అదే వరసలో రెండు విడతలు సరిచేయండి. ఆ తర్వాత ఒమేగాను 2.82కు మార్చి గ్రేజింగ్ ఇన్సిడెన్స్ తీయండి.

మిషన్‌లో నాలుగు బౌన్సుల జెర్మేనియం మోనోక్రోమేటర్ ఉంటే మంచిదే. లేకపోతే కే-ఆల్ఫా-2 (రాగి ట్యూబు నుంచే వచ్చే, కే-ఆల్ఫా-1కు దగ్గరి తరంగదైర్ఘ్యం) కూడా వచ్చి పడుతుంది. (113)కు అది టూ తీటాలో 0.15 డిగ్రీలు, ఒమేగాలో దాదాపు అందులో సగం దూరంలో, సగం ఎత్తులో ఎప్పుడూ కుడివైపు నిలబడుతుంది. దాన్ని చూసి పొర పీక్ వచ్చిందని సంబరపడొద్దు.

రెండు వైపులా ఎందుకు కొలవాలి

ఒక్క కొలతలో రెండు తెలియనివి కలిసి ఉంటాయి: పొర డీ విలువ ఎంత మారింది, తలం వాలు ఎంత మారింది. గ్రేజింగ్ ఇన్సిడెన్స్‌లో ఒమేగా తీటా − ఆల్ఫా, గ్రేజింగ్ ఎగ్జిట్‌లో తీటా + ఆల్ఫా. రెండూ ఉంటే కూడికతో తీటా, తీసివేతతో ఆల్ఫా బయటపడతాయి. పదో తరగతి సమీకరణాలే.

అంకెలతో చూద్దాం. సిలికాన్ మీద సిలికాన్-జెర్మేనియం పొర ఉందనుకోండి. జెర్మేనియం లాటిస్ కొలత 5.658 ఆంగ్‌స్ట్రామ్‌లు, సిలికాన్ కన్నా నాలుగు శాతం పెద్దది. అందుకే పొర అడ్డంగా నొక్కుకుపోయి నిలువుగా సాగుతుంది. మీ స్కాన్లలో పొర పీక్ వేఫర్ పీక్ కన్నా గ్రేజింగ్ ఇన్సిడెన్స్‌లో 0.594 డిగ్రీలు, గ్రేజింగ్ ఎగ్జిట్‌లో 0.032 డిగ్రీలు తక్కువ ఒమేగాలో కనిపించాయనుకుందాం. రెండూ కలిపి సగం చేస్తే 0.313. పొర తీటా 28.061 − 0.313 = 27.748. తేడాలో సగం 0.281. పొర ఆల్ఫా 25.239 + 0.281 = 25.520.

ఇక తీటా నుంచి డీ: 1.5406 ÷ (2 × సైన్ 27.748) = 1.6545. నిలువు కొలత = 3 × డీ ÷ కొసైన్ ఆల్ఫా, అది 5.50 వస్తుంది. అడ్డం కొలత = √2 × డీ ÷ సైన్ ఆల్ఫా, అది 5.431 వస్తుంది. అడ్డం కొలత సరిగ్గా సిలికాన్‌దే. అంటే పొర పూర్తిగా కింది వేఫర్‌కు లొంగి ఉంది, ఎక్కడా జారలేదు. గ్రాఫ్ చూడగానే చెప్పేయడానికి ఒక దారి కూడా ఉంది. రెండు స్కాన్లలో తేడా సమానంగా ఉంటే ఆల్ఫా మారలేదన్నట్టు, పొర క్యూబిక్‌గా తన కొలతకు వచ్చేసింది. ఇలా ఒకటి 0.594, ఇంకొకటి 0.032 అని బాగా విడిపోతే పొర ఒత్తిడిలో ఉంది.

ఒక చిక్కుంది. పొర మొత్తంగా వేఫర్ మీద కొద్దిగా ఒరిగి పెరిగితే ఆ ఒరుగు కూడా ఈ లెక్కలో దూరిపోతుంది. అందుకే రెండు స్కాన్లనూ ఫై 180 డిగ్రీలు తిప్పి మళ్లీ తీసి సగటు వేయాలి. మొత్తం నాలుగు స్కాన్లు. టైమ్ చాలకపోతే (004)ను ఫై రెండు స్థానాల్లో తీసి, పొరకూ వేఫర్‌కూ మధ్య దూరం మారిందేమో చూసుకోండి. మారకపోతే ఆ దిశలో ఒరుగు లేనట్టే.

చిన్న సవరణలు

ఎక్స్-కిరణాలు స్ఫటికంలోకి దిగేటప్పుడు కొద్దిగా వంగుతాయి. సిమెట్రిక్‌లో దీన్ని పట్టించుకోనక్కర్లేదు. (113) సిమెట్రిక్‌గా కోసిన సిలికాన్‌లో పీక్ జరిగేది 4 ఆర్క్ సెకన్ల లోపే. అదే గ్రేజింగ్ ఇన్సిడెన్స్‌లో 32 సెకన్ల దాకా, అంటే 0.009 డిగ్రీలు జరుగుతుంది. పై ఉదాహరణలో 0.032 అనే సంఖ్య ఉంది కదా, దాని పక్కన 0.009 తక్కువేం కాదు. వేఫర్‌కూ పొరకూ జరుగుబాటు ఇంచుమించు ఒకేలా ఉండి చాలావరకు కొట్టుకుపోతుంది, మిగిలింది సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. ఒమేగా 0.22 డిగ్రీల దరిదాపులకు దిగితే మాత్రం సిలికాన్ పైభాగం అద్దంలా కిరణాన్ని మొత్తం వెనక్కి తిప్పేస్తుంది. అక్కడ ఈ సూత్రాలేవీ పనిచేయవు.

లోతు కూడా రాసుకోండి. సిలికాన్‌లో రాగి కిరణం బలం 71 మైక్రోమీటర్లకు మూడో వంతు పైచిలుకు మాత్రమే మిగులుతుంది. పోవడం, రావడం రెండూ లెక్కేస్తే (004) సిమెట్రిక్‌లో నిలువు లోతు సుమారు 20 మైక్రోమీటర్లు. (113) గ్రేజింగ్‌లో 3.3 మాత్రమే. పరిపూర్ణ స్ఫటికంలో పీక్ నడిమధ్య ఇంకా పైనే ఆగిపోతుంది.

గాజు మీది పొరలైతే

మన ల్యాబుల్లో ఎక్కువగా జరిగేది స్ప్రే పైరాలిసిస్, స్పిన్ కోటింగ్. గాజు పలక మీద జింక్ ఆక్సైడో, టైటానియం డయాక్సైడో వేస్తారు. వీటిలో చిన్న స్ఫటికాలు అన్ని దిక్కులా ఉంటాయి కాబట్టి పైన చెప్పిన ఫై, కై గోల అక్కర్లేదు. ఒమేగాను 0.5 లేదా 1 డిగ్రీ దగ్గర కట్టేసి డిటెక్టర్ ఒక్కటే తిప్పితే చాలు. గాజు నుంచి వచ్చే బోర్లించిన గుట్ట తగ్గి పొర పీకులు పైకొస్తాయి. ఇది కూడా అసిమెట్రిక్ వివర్తనమే, కాకపోతే ఒక్కో పీక్‌కు వాలు ఒక్కోలా మారుతుంది.

ఇక్కడే ఒక ఉచ్చుంది. జింక్ ఆక్సైడ్ పొరలు తరచుగా (002) తలాలు గాజుకు సమాంతరంగా ఉండేలా పెరుగుతాయి. మామూలు స్కాన్‌లో 34.4 దగ్గర (002) ఆకాశాన్నంటుతుంది. అదే సాంపిల్‌ను 1 డిగ్రీ గ్రేజింగ్‌లో పెడితే ఆ పీక్ కుంగిపోతుంది, ఒక్కోసారి మాయమే అవుతుంది. సాంపిల్ పాడైందని మళ్లీ కోటింగ్ మొదలుపెట్టకండి. ఆ కోణంలో డిటెక్టర్‌కు కనిపించేది 17.2 − 1, అంటే పైభాగానికి 16.2 డిగ్రీలు వాలిన తలాలు మాత్రమే. మీ పొరలో అలా వాలినవి లేవు, అంతే. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి ఈ అంకెతో సహా రాస్తే, పొర ఒకే దిక్కుకు పేర్చుకుందన్న మీ వాదనకు అదే సాక్ష్యం.

స్లాట్ అయిపోయాక ముడి డేటాను స్కాన్ ఫార్మాట్‌లోనూ, రెండు వరసల టెక్స్ట్ ఫైల్‌గానూ పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి. కంపెనీ ఫార్మాట్ ఫైల్ ఒక్కటే తెస్తే నల్లగొండలో తెరిచే సాఫ్ట్‌వేర్ దొరకదు. ఫైల్ పేరులో రిఫ్లెక్షన్, గ్రేజింగ్ ఇన్సిడెన్సా ఎగ్జిటా, ఫై ఎంత అన్నది అక్కడికక్కడే రాయండి. స్లిట్ వెడల్పు, మోనోక్రోమేటర్ ఉందా లేదా, (004)లో వచ్చిన వాలు కూడా ఆపరేటర్ అన్నను అడిగి నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాకే సాంపిల్ దింపించండి.